జీబీఎస్‌తో వెంటిలేటర్ మీద అన్న: ఐసీయూ బయట ఉన్న మేము ఏం చెయ్యాల?

పాకాల తమ్ముడు:

అందరికీ నమస్కారం. మా అన్నకు 36 ఏండ్లు, బరువు 60 కిలోలు. బీపీ, షుగరు ఏమీ లేవు. ముందు విరేచనాలు పట్టుకొని తగ్గినాయి. ఆ తర్వాత రెండు వారాలకు అరికాళ్ళల్లో తిమ్మిరి, నడుం నొప్పి అన్నాడు. చూస్తా ఉండంగానే కాళ్ళు పడిపోయినాయి, వెనకాలే చేతులు. తిరుపతికి తీసుకొస్తే నరాల డాక్టరు చూసి గులియన్-బారీ సిండ్రోమ్, జీబీఎస్ అన్నారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఐదు రోజులు ఎక్కించాలని మొదలుపెట్టినారు, మూడు రోజులది అయింది. నిన్న రాత్రి ఊపిరి చాలడం లేదని నోట్లోనుంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టినారు.

ఇంత ఖరీదు మందు ఎక్కుతా ఉంటే మనిషి ఇంకా దిగజారినాడే, మందు పట్టలేదా? వేలూరుకో చెన్నైకో మార్చమని చుట్టాలు ఒకటే పోరు. ఇంకొకరు ఇది పక్షవాతమే, ఆకు పసరు తాపితే లేస్తాడు అంటారు. ముందు ముందు గొంతు దగ్గర రంధ్రం పెట్టాల్సి రావచ్చు అని డాక్టరు అన్నప్పటినుంచి మా వదిన అన్నం ముట్టలేదు. ఆయనకు మా మాటలు వినిపిస్తాయా? లోపలికి పది నిమిషాలు పంపిస్తారు. ఆ పది నిమిషాల్లో ఏం చెయ్యాలో తెలియక ఏడ్చి బయటికి వస్తా ఉండాము. కార్డు మీద వైద్యం అవుతుందా, ఏ కాగితాలు దాచిపెట్టుకోవాల?

ధైర్యం కోసం చెప్పే మాటలు వద్దు. ఈ జబ్బు తెలిసినోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆశ పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే దేన్ని చూసి పెట్టుకోవాల?


నరాల వార్డు:

పెట్టుకోవచ్చు. ఈ జబ్బు నడిచే తీరే అందుకు ఆధారం. కాకపోతే ఆ తీరు ముందే తెలిసి ఉండాలి, లేకుంటే ప్రతి రోజూ మీకు ఓడిపోయినట్టే కనిపిస్తుంది.

విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవుల్లో క్యాంపైలోబ్యాక్టర్ అని ఒకటుంది. దాన్ని చంపడానికి ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. దాని పైపొరలో ఉండేలాంటి పదార్థమే మన నరాల మీద కూడా ఉండటంతో అవే యాంటీబాడీలు నరాలను కూడా కొడతాయి. విరేచనాలు తగ్గినాక వారం నుంచి నాలుగు వారాల మధ్య కాళ్ళు పడిపోవడం అందుకే. దాడి మొదలైతే బలహీనత పెరుగుతూ పోయి, ఎక్కువమందిలో రెండు వారాల్లో, మిగిలినవాళ్ళలో నాలుగు వారాల్లోపు అడుగుకు చేరుతుంది. అక్కడ కొన్ని రోజులో కొన్ని వారాలో ఎటూ కదలకుండా ఆగుతుంది. ఆ తర్వాత మెల్లగా లేస్తుంది. మీ అన్న ఇంకా దిగే దశలోనే ఉన్నారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ దాడిని అణుస్తుంది. ఇప్పటికే దెబ్బతిన్న నరాన్ని మాత్రం అతికించదు. ఆ మరమ్మతు ఒళ్ళు సొంతంగా చేసుకుంటుంది, వారాలు, నెలలు తీసుకుంటుంది. మందు ఎక్కుతున్న రోజుల్లోనే వెంటిలేటర్ అవసరం పడటం ఈ జబ్బులో మామూలే. నూరుమందిలో ఇరవై నుంచి ముప్పై మందికి పడుతుంది.

మోతాదు మీరే లెక్క చూసుకోవచ్చు. కిలోకు రోజుకు 0.4 గ్రాములు, ఐదు రోజులు. 60 కిలోల మనిషికి రోజుకు 24, మొత్తం 120 గ్రాములు. ఐదు గ్రాముల సీసాలైతే మొత్తం 24. సీసాలు మీ చేత బయట కొనిపిస్తుంటే ఒక జాగ్రత్త: చాలా కంపెనీలవి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. మెడికల్ షాపు నుంచి ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తీసుకురండి, నేరుగా మంచుకు తగలనియ్యొద్దు, గడ్డకడితే పారెయ్యాల్సిందే. ఊపొద్దు, నురగ వస్తుంది. బిల్లు, సీసా మీది బ్యాచ్ నంబరు రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. ఎక్కించేటప్పుడు చలి, తలనొప్పి వస్తే సాధారణంగా చుక్కలు వేగంగా పడుతున్నాయని అర్థం, సిస్టరుకు చెబితే తగ్గిస్తారు.

ఇక్కడ కుటుంబాలు డాక్టర్ల మీద ఒత్తిడి తెచ్చే విషయాలు మూడు. మొదటిది, "ఇది పనిచెయ్యలేదు, ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసేసి వేరేది ఎక్కించడం) కూడా చెయ్యండి" అనడం. ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి రెండింటి ఫలితమూ ఒకటే, ఏదో ఒకటి చాలు. ఇంజెక్షన్ అయిన వెంటనే ప్లాస్మా మారిస్తే డబ్బు పెట్టి ఎక్కించిన మందే బయటికి పోతుంది. రెండోది, "ఇంకో కోర్సు ఎక్కించండి" అనడం. మెరుగు కనిపించనివాళ్ళకు రెండో కోర్సు ఇచ్చి చూసిన పరిశోధన 2021లో వచ్చింది. లాభం కనిపించలేదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరిగింది. మూడోది స్టెరాయిడ్. ఈ జబ్బుకు అది పనిచెయ్యదు. రెండో కోర్సు విషయంలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. బాగుపడుతూ వచ్చిన మనిషి మొదటి రెండు నెలల్లోపు మళ్ళీ జారితే, నూరింట పదిమంది దాకా అలా జారతారు, అప్పుడు ఇమ్యునోగ్లోబ్యులిన్ మళ్ళీ ఇవ్వడం సబబే.

ఆకు పసరు మాట. పక్షవాతం మెదడులో రక్తనాళం వల్ల వచ్చేది, ఇది కాళ్ళూ చేతుల నరాలది. రెండూ ఒకటి కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు మీ అన్నకు మింగే శక్తి లేదు. నోట్లో పోసింది ఏదైనా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ ఒక్క విషయంలో ఎంత దగ్గర చుట్టమైనా మొహమాటపడొద్దు.

మార్చడం గురించి. మీరున్న చోట నరాల డాక్టరు రోజూ చూస్తున్నారా, వెంటిలేటర్ దగ్గర ఇరవై నాలుగు గంటలూ డాక్టరు ఉంటారా, అవసరమైతే గొంతు దగ్గర గొట్టం వెయ్యగలరా? ఈ మూడింటికీ అవునంటే కదిలించొద్దు. వేలూరులోనూ చెన్నైలోనూ ఇచ్చేది ఇదే మందు. ఈ జబ్బులో గుండె వేగం, బీపీ ఉన్నట్టుండి ఎగిరి, ఉన్నట్టుండి పడిపోతాయి. గొట్టంలో కఫం లాగేటప్పుడు గుండె నెమ్మదించి ఆగేదాకా కూడా పోవచ్చు. అది దారిలో జరగడం ఎందుకు? తప్పనిసరిగా మార్చాల్సి వస్తే వెంటిలేటర్, మానిటర్, గుండె వేగం పెంచే మందు, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉన్న అంబులెన్సే కావాలి. ఆక్సిజన్ లెక్క కూడా అడగండి. చిన్న బి-టైప్ సిలిండర్లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి పది లీటర్లు వాడితే రెండున్నర గంటలే. చెన్నై దాకా ఒకటి చాలదు.

గొంతు దగ్గర రంధ్రం, అంటే ట్రెకియాస్టమీ. మీ వదినకు ఈ పేరా చదివి వినిపించండి. నోట్లోనుంచి వేసిన గొట్టం ఎక్కువ కాలం ఉంటే స్వరపేటిక దగ్గర పుండ్లు పడతాయి, మనిషి ఓర్చుకోలేడు కాబట్టి నిద్రమందు కూడా ఇస్తూ ఉండాలి. అందుకని రెండు వారాలకల్లా గొట్టం తీసే సూచన లేకపోతే మెడ ముందు చిన్న దారి చేసి పొట్టి గొట్టం పెడతారు. దానితో నిద్రమందు తగ్గుతుంది, నోరు ఖాళీ అవుతుంది, పెదాలు కదిపి చెప్పగలడు, కఫం తియ్యడం సులువు. ఊపిరి నిలబడినాక గొట్టం తీసేస్తే రంధ్రం చాలామందిలో కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో తనంతట తనే మూసుకుంటుంది. మాట తిరిగి వస్తుంది. ఆ మాట డాక్టరు నోట వచ్చిందంటే, మనిషి ఇన్ని వారాలు ఉండబోతున్నాడు, అన్నాళ్ళూ కాపాడాలి అని వాళ్ళు లెక్క వేస్తున్నారని అర్థం చేసుకోండి.

ఇప్పుడు కష్టమైన మాట. మందులన్నీ అందినా ఈ జబ్బులో నూరింట అయిదుగురి దాకా చనిపోతారు, వెంటిలేటర్ పడ్డవాళ్ళలో ప్రమాదం అంతకంటే ఎక్కువ. వాళ్ళు ఎక్కువగా పోయేది నరాల జబ్బుతో కాదు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోవడం, గుండె లయ తప్పడం. మూడూ ముందే కనిపెడితే చాలావరకు అడ్డుకోగలిగినవే. మొత్తంమీద చూస్తే జీబీఎస్ వచ్చినవాళ్ళలో నూటికి ఎనభై మంది ఆరు నెలలకు ఎవరి ఆసరా లేకుండా నడుస్తారు. వెంటిలేటర్ దాకా పోయినవాళ్ళకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, ఏడాది దాటినాక కూడా మెరుగు వస్తూనే ఉంటుంది. మీ అన్న వయసు ఆయనకు అనుకూలం. నడివయసు దాటినవాళ్ళకు కోలుకోవడం ఆలస్యం.

డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు "ఎట్లుంది సార్" అంటే "అట్లే ఉంది" అనే జవాబు వస్తుంది. ఇవి అడగండి: సొంతంగా గట్టిగా పీల్చి వదిలితే ఒక్క ఊపిరిలో ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయి? (కిలోకు 15 మి.లీ. లెక్కన మీ అన్నకు 900 దగ్గరికి వస్తే వెంటిలేటర్ తగ్గించే ఆలోచన మొదలవుతుంది.) జ్వరం, కఫం రంగు ఎట్లున్నాయి? రక్తం గడ్డకట్టకుండా పొట్టమీద ఇంజెక్షన్ ఇస్తున్నారా? గత రోజులో బీపీ, గుండె వేగం ఎగిరిందా? నరాల పరీక్షలో దెబ్బ పైపొరకా, లోపలి నరానికా? పైపొర అయితే వారాల నుంచి నెలల్లో బాగవుతుంది. లోపలి నరం తెగి ఉంటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి, పాదం దాకా చేరేసరికి ఏడాది దాటొచ్చు. మొదటి వారంలో చేసిన పరీక్ష తేల్చలేకపోతే రెండు మూడు వారాలకు మళ్ళీ చేస్తారు, అది వృథా ఖర్చు కాదు.

ఇంటి తరఫున ఒక్కరే అడగండి, ఒక్కరే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. నలుగురు నాలుగు సార్లు అడిగితే నాలుగు రకాలుగా వినిపించి ఇంట్లో తగవు వస్తుంది.


రాత్రి డ్యూటీ:

వెంటిలేటర్ పేషంట్లను చూసుకునే స్టాఫ్ నర్సుగా ఆ పది నిమిషాల గురించి చెబుతాను.

వినిపిస్తుంది, తమ్ముడూ. అన్నీ వినిపిస్తాయి. నిద్రమందు లేనప్పుడు జీబీఎస్ పేషంటు పూర్తి తెలివిలో ఉంటాడు. కదల్లేడు, మాట్లాడలేడు, అంతే. మంచం పక్కన నిలబడి "ఇంక ఎన్ని లక్షలు అవుతాయో", "బతుకుతాడంటావా" అనే మాటలు అందుకే వద్దు. ఏడుపు వస్తే బయటికి వచ్చి ఏడవండి, మళ్ళీ లోపలికి పోవచ్చు. ఐసీయూలో పగలూ రాత్రీ తెలియదు. పోగానే ముఖానికి ఎదురుగా నిలబడి మీరెవరో, ఈరోజు ఏ వారమో, టైమెంతో చెప్పండి. జబ్బు గురించి కూడా దాచొద్దు: "ఇది నరాల జబ్బు, దిగి ఆగి మళ్ళీ లేస్తుంది, గొట్టం కొన్నాళ్ళకే" అని రోజూ చెప్పండి. నిన్న విన్నది ఈరోజు మందుల మత్తులో గుర్తుండకపోవచ్చు. మిగిలిన టైంలో ఇంటి సంగతులు: మడికి నీళ్ళు పెట్టినారా, పాప బడికి పోయిందా. సొంత మనిషి గొంతుతో మామూలు మాటలు వింటే గుండె వేగం నెమ్మదించడం మానిటర్ మీద కనిపిస్తుంది.

మాట్లాడించడం ఇట్లా. ముందు అవును, కాదు కుదుర్చుకోండి. కన్ను ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు అయితే కాదు. జీబీఎస్‌లో ముఖం నరాలు కూడా పడిపోయి రెప్ప సరిగా మూసుకోకపోవచ్చు, అప్పుడు చూపు పైకి అంటే అవును, కిందికి అంటే కాదు. ఏది కుదిరిందో పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు అంటించమని సిస్టరును అడగండి. మీరొకటి, రాత్రి సిస్టరొకటి వాడితే ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేక విసిగిపోతాడు.

తర్వాత ఒక అట్ట. ఏ4 కాగితం మీద స్కెచ్ పెన్నుతో మూడు వరుసలు రాసి లామినేట్ చేయించండి, శానిటైజర్‌తో తుడవడానికి వీలవుతుంది. పైవరుసలో: ఊపిరి ఆడటం లేదు, కఫం తియ్యండి, నొప్పి. మధ్యలో: పక్కకు తిప్పండి, చలి, ఉక్క, కన్ను మంట. కింద: భయంగా ఉంది, నిద్ర పట్టలేదు, దాహం, ఇంకేదో చెప్పాలి. "పైవరుసా?" అని అడిగి ఆగండి. అవునంటే అందులో ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. "ఇంకేదో" అంటే అట్ట వెనక అక్షరాలు: అచ్చులు ఒక వరుస, తర్వాత క, చ, ట, త, ప వరుసలు, య నుంచి ళ దాకా ఒకటి. ముందు వరుస, తర్వాత అక్షరం. గుణింతాలు, వత్తులు అక్కర్లేదు. "ప", "ప" అని రెండు వస్తే "పాప గురించా?" అని మీరే అడిగెయ్యొచ్చు. ఒక ప్రశ్నకు ఒకటే విషయం, జవాబుకు పది సెకన్లు ఆగండి. ఈ జబ్బులో కళ్ళు కదపడం కూడా కష్టమే. మొదటి రోజుల్లో నిద్రమందు నడుస్తుంటే కుదరదు, మందు తగ్గించే టైం సిస్టరును అడిగి అప్పుడు పొండి.

ముట్టుకునేముందు అడగండి. ఈ జబ్బులో చర్మం మీద దుప్పటి ఆనినా కొందరికి మంట. నడుం నొప్పి రాత్రిళ్ళు మరీ ఎక్కువ. మనిషి చెప్పుకోలేడు కాబట్టి, నొప్పి ఉందని అట్టమీద తెలిస్తే డాక్టరుకు ఖచ్చితంగా చెప్పండి. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, మామూలు నొప్పి బిళ్ళ చాలదు.

లోపల ఉన్నప్పుడు కళ్ళతో గమనించాల్సినవి కొన్ని. తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా? పూర్తిగా పడుకోబెడితే ట్యూబులో పోసిన ఆహారం వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు గంటలకొకసారి పక్క మారుస్తున్నారా? మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు ఉందా? మడమ, నడుం కింద ఎముక, తల వెనక, ఈ మూడు చోట్ల ఎర్రగా కమిలి, వేలితో నొక్కితే ఎరుపు తెల్లబడకపోతే అది పుండు మొదలైనట్టే. రెప్ప మూతపడకపోతే కంటిలో చుక్కలు, రాత్రికి ఆయింట్‌మెంట్ వేసి టేపు పెట్టాలి, లేకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. ఏదైనా కనిపిస్తే తప్పుపట్టినట్టు కాకుండా "సిస్టర్, ఇది ఒకసారి చూస్తారా" అనండి. పని ఒత్తిడిలో చూపు తప్పేవి మీ చూపుకు చిక్కుతాయి.

లోపలికి పోయేముందు, వచ్చినాక చేతులు. ఉంగరాలు, వాచీ తీసి, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కొనలు కలిపి 20 సెకన్లు రుద్దాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆ రోజు పోవద్దు.


పాకాల తమ్ముడు:

అక్కా, సార్, మీకు దండాలు. వదినకు చదివి వినిపించినా, రాత్రి రెండు ముద్దలు తినింది. ఒకటి అడగాల. మా అమ్మ కపిలతీర్థం పోయి తీర్థం, కుంకుమ తెచ్చింది, చేతికి కట్టను తాడు కూడా. తీర్థం ఒక్క చుక్క నాలిక మీద వెయ్యొచ్చా? కాదంటే ఆమె మనసు విరిగిపోతాది.


రాత్రి డ్యూటీ:

నోట్లో ఒక్క చుక్క కూడా వద్దు, ఆ చుక్కే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కాళ్ళ దగ్గర చల్లడం కూడా వద్దు, పక్క తడిస్తే చర్మం ఒరిసిపోతుంది. అమ్మకు ఇట్లా చెప్పండి: కుంకుమ పొడిగా కొంచెం నుదుట పెట్టొచ్చు, కంటికి దూరంగా. పూలు, తులసి, విభూతి పొట్లాలు ఐసీయూ లోపలికి తేవొద్దు, తడి పూలల్లో సూక్ష్మజీవులు ఉంటాయి. తాడు మణికట్టుకు కట్టొద్దు, అక్కడ సూదులుంటాయి, చెయ్యి వాస్తే తాడు కోసుకుపోతుంది. దిండు పక్కన చిన్న కవర్లో పెట్టమంటే ఎవరూ కాదనరు. అమ్మ గొంతుతో గోవిందనామాలు ఫోన్లో రికార్డు చేసి ఆయన చెవి దగ్గర తక్కువ శబ్దంతో వినిపించండి. తీర్థం నోట్లో వెయ్యలేకపోయినానని అమ్మకు ఉండే బాధ దానితో కొంత తీరుతుంది, ఆయనకూ అమ్మ దగ్గరే ఉన్నట్టుంటుంది.


వైద్యసేవ కౌంటర్:

కాగితాల సంగతి. ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్‌లో ఉంటే లోపల వైద్యమిత్ర కౌంటర్ ఉంటుంది, ఇప్పటికీ చాలామంది ఆరోగ్యమిత్ర అనే పిలుస్తారు. బియ్యం కార్డు, పేషంటు ఆధార్, నరాల డాక్టరు జబ్బు పేరు రాసిన కాగితం, నరాల పరీక్ష, వెన్ను నీరు పరీక్ష రిపోర్టులు తీసుకొని ఈరోజే పొండి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు తేడా ఉంటే సచివాలయంలో సరిచేయించాలి, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పండి. నగదు పేషంటుగా చేరి ఉంటే వెంటనే పథకంలోకి మార్చమని అడగాలి. అనుమతి రాకముందు కట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం చాలా కష్టం. ప్యాకేజీలో ఇమ్యునోగ్లోబ్యులిన్, వెంటిలేటర్ రోజులు ఎంతవరకు కలిసినాయో, రోజులు పెరిగితే పొడిగింపు ఎవరు పెట్టాలో స్పష్టంగా అడగండి. ప్యాకేజీలో ఉన్నదానికి విడిగా డబ్బు అడిగితే 104కు ఫోన్ చెయ్యండి, తేదీ, అడిగిన మొత్తం రాసిపెట్టుకొని.

పథకం చాలకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకుంటారు. అయిపోయిన ఖర్చుకు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ అడుగుతారు. జరగబోయే ఖర్చుకైతే ఆసుపత్రి ఇచ్చే అంచనా కాగితంతో ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం) కోసం పెట్టుకోవచ్చు. ఒరిజినల్స్ ఇచ్చేముందు రెండు సెట్లు జిరాక్స్ తీసుకోండి. మెడికల్ షాపు బిల్లుల మీద సిరా నెలల్లో చెరిగిపోతుంది, ఏ రోజుది ఆ రోజు ఫొటో తియ్యండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఉన్నవాళ్ళయితే టీటీడీ శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు సాయం గురించి అక్కడి కౌంటర్‌లో అడగాలి. పేదవాళ్ళకు ప్రాణం మీదికొచ్చిన జబ్బులకు పెట్టిన ట్రస్టు అది. అన్న పనిచేసే చోట ఈఎస్ఐ కోత ఉంటే జీతం చీటీ తెప్పించండి, ఆ దారి వేరే.

అప్పు చెయ్యాల్సి వస్తే మొత్తం ఒక్కసారి చెయ్యకండి. ఇది వారాల్లో కాదు, నెలల్లో నడిచే ఖర్చు. ఐసీయూ అయినాక ఫిజియోథెరపీ, మంచి మంచం, తిండి, ఇంట్లో సంపాదన లేని నెలలు ఉంటాయి. ఉన్న బంగారమంతా మొదటి పది రోజుల్లో పోతే అసలు కోలుకునే కాలానికి చేతిలో ఏమీ మిగలదు. ఆసుపత్రిలో ఉండేవాళ్ళు కూడా పన్నెండు గంటలకొకరు మారండి, వదిన రోజూ ఒక పూట ఇంట్లో పిల్లల దగ్గర పడుకోవాలి.


ఫిజియో:

ఐసీయూలో ఉన్నప్పుడే మొదలయ్యే పని ఇది, "లేచినాక ఫిజియో" అనుకొని ఆగొద్దు. కదలని కీలు బిగుసుకుంటుంది. నరం తిరిగి వచ్చేసరికి కీలు తెరుచుకోకపోతే వచ్చిన బలం వృథా. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు, తుంటి, మోకాలు, చీలమండ, ఒక్కొక్క కీలును మెల్లగా పూర్తిగా తిప్పాలి, ఐదు నుంచి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకొని, వాళ్ళు సరే అన్నాకే మీరు చెయ్యండి. పాదం ముందుకు వాలిపోకుండా 90 డిగ్రీల్లో నిలిపే స్ప్లింట్ ముఖ్యం. ఇది తప్పించినవాళ్ళకు కాళ్ళలో బలం వచ్చినా మడమ నేలకు ఆనదు. స్ప్లింట్ రెండు గంటలకొకసారి విప్పి చర్మం చూడాలి.

ఎక్కువగా జరిగే నష్టం భుజానికి. పైకి జరపడానికి చంకల్లో చేతులు వేసి లాగుతారు. కండరం పట్టులేని భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలలు ఉంటుంది. నడుం కింద మడిచిన దుప్పటి వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకొని దాంతోనే జరపండి.

కోలుకోవడం చాలామందిలో పైనుంచి కిందికి వస్తుంది. మెడ, భుజాలు, ఊపిరి ముందు, పాదాలు చివర. కండరం బలాన్ని 0 నుంచి 5 అంకెల్లో కొలుస్తారు. వారానికొకసారి ఆ అంకెలు అడిగి మీ నోట్‌బుక్‌లో రాయండి. రోజూ చూసేవాళ్ళకు తేడా తెలియదు, 1 పోయి 2 అయిందని కాగితం మీద చూస్తే తెలుస్తుంది. 1 అంటే కండరం అదిరింది కాని కీలు కదల్లేదు. అది కూడా నరం పలికినట్టే, చిన్నదని తీసెయ్యొద్దు.

మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు బీపీ పడి కళ్ళు తిరగవచ్చు. తల ఎత్తు కొంచెం కొంచెంగా పెంచుతూ, కాళ్ళకు గుడ్డపట్టీ చుట్టి, మానిటర్ చూస్తూ చెయ్యాలి. వెంటిలేటర్ తీసేది కూడా ఒక్కసారిగా ఉండదు. పగలు కొంతసేపు సొంత ఊపిరి, రాత్రికి మళ్ళీ మిషన్. ఒకరోజు గంట ఉండి మర్నాడు అరగంటకే అలిసిపోవడం వెనక్కి పోయినట్టు కాదు.

ఇంటికి వచ్చినాక బయటపడే ఇంకో తప్పు, బలం త్వరగా రావాలని ఎక్కువ చేయించడం. పాత కండరం కాదు ఇది. అలిసేదాకా చేయిస్తే మర్నాడు ఇంకా సడలిపోతుంది. పది నిమిషాలు, విశ్రాంతి, మళ్ళీ పది నిమిషాలు. మరుసటి పొద్దుటికి కూడా నొప్పి, నీరసం మిగిలితే ఆ రోజు సగానికి తగ్గించండి. మింగడం డాక్టరు పరీక్షించి సరే అనేదాకా సంకటి, అన్నం పెట్టొద్దు. ట్యూబులో పోసేది రాగి అంబలి అయినా పప్పు కట్టు అయినా పల్చటి గుడ్డలో వడగట్టి, ఒక్కసారికి 200 నుంచి 250 మి.లీ. మించకుండా, ముందూ వెనకా 30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్ళతో ట్యూబు కడిగి పొయ్యాలి. పోసినాక గంటసేపు పడుకోబెట్టొద్దు. మాంసకృత్తులు కిలోకు 1.2 గ్రాములకు తగ్గకూడదు, మీ అన్నకు రోజుకు 72 గ్రాములు. ఉత్త అంబలితో అది రాదు. గుడ్డు తెల్లసొన, పెరుగు, పాలపొడి ఏది ఎంత కలపాలో డైటీషియన్ దగ్గర రాయించుకోండి.

ఊరికి పోయేముందు పాకాల చుట్టుపక్కల వారానికి మూడుసార్లు ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్ట్ దొరుకుతారేమో ఇప్పటినుంచే వెతకండి. దొరక్కపోతే మొదటి రెండు నెలలు తిరుపతిలోనే మెట్లు లేని, మంచం పక్కకు చక్రాల కుర్చీ పట్టే ఒక గది అద్దెకు చూసుకోవడం మేలు. బాత్‌రూం తలుపు వెడల్పు టేపుతో కొలిచే అడ్వాన్సు ఇవ్వండి, కుర్చీ పోవడానికి 32 అంగుళాలు ఉండాలి.